లూజ్ అని రాసిన గుండు

ఆ రోజు నేను గుట్ట ఎక్కలేదు. నా తప్పంతా అదే.

కరోనా తర్వాత ఐటీ ఆఫీసులు మళ్లీ తెరుచుకున్న ఏడాది, ఏప్రిల్ నెల. హైటెక్ సిటీ వెనక టవర్ కట్టబోయే స్థలంలో చిన్న గుట్ట. దాని మీద, ఒకదానిపై ఒకటి నిలిచిన రాళ్ల జతలు రెండు. చుట్టుపక్కల వాళ్లు అక్కాచెల్లెళ్ల గుండ్లు అంటారు. నేను జియాలజిస్టుని. కట్టడానికి ముందు నేల, రాయి ఎలా ఉన్నాయో చూసి రిపోర్ట్ ఇవ్వడం నా పని.

"మీరెందుకండీ ఈ ఎండలో? డ్రోన్ ఫొటోలు ఉన్నాయి కదండీ," అన్నాడు సైట్ మేనేజర్ ప్రసాద్, కారులో ఏసీ పెంచుతూ.

ఆ ఫొటోలు చూసి, కారులోనే రాశాను: "రెండు గుండ్లూ లూజ్."

మా భాషలో లూజ్ బౌల్డర్ అంటే కింది రాతి నుంచి విడిపోయి, తన బరువుతో తాను కూర్చున్న గుండు. అలా కూర్చున్నది వేల ఏళ్లు కూర్చోగలదు. ఆఫీసుల్లో మాత్రం ఆ మాటకు అర్థం ఒకటే: పడిపోతుంది, తీసేయొచ్చు. ఈ తేడా నాకు తెలియదని చెప్పను. తెలిసే, ఒక్క వాక్యం వివరణ రాయడానికి బద్ధకించాను.

రెండు వారాలకు చెల్లెలిని పేల్చేశారు.

మర్నాడు పునాది గోతులు చూడటానికి వెళ్తే, అక్క నీడలో టీ కొట్టు నడిపే యాదమ్మ నన్ను ఆపింది. అరవై ఏళ్లుంటాయి. రాళ్లు కొట్టి బతికిన కుటుంబం.

"లూజ్ అని రాసిన సారువి నువ్వేనా?"

"అవునమ్మా."

"గుండు గాదు లూజ్, నీ చెయ్యి లూజ్. ఎక్కి చూసినవా?"

టీ తాగుతున్న ఐటీ ఉద్యోగులు నవ్వారు. లేదన్నాను.

"ఎల్లుండి అక్కను గూడ పేలుస్తరంట. నీడ పోతే నా కొట్టు పోతది. ఇగ నడువ్."

చెప్పులు విడిచి ముందు తనే ఎక్కింది. పై గుండు కింది బండను తాకే చోట అరచేయంత సున్నం పట్టీ చూపించింది.

"నేను కోడలిగ వచ్చిన ఏడు మా మామ పెట్టిండు. గుండు జర కదిలినా సున్నం పగుల్తదన్నడు."

వేలితో తడిమాను. వెంట్రుకంత పగులు లేదు. మేం దీన్నే టెల్‌టేల్ అంటాం. అతుకుకు అడ్డంగా గాజు ముక్కో ప్లాస్టరో పెడతాం, అది విరిగితే రాయి కదిలినట్టు. నేను పెట్టినవి ఏనాడూ రెండేళ్లకు మించి చూసుకోలేదు. ఆ మామ పెట్టింది నలభై ఏళ్లుగా సాక్ష్యం చెబుతోంది. యాదమ్మ సుత్తి ఇస్తే గుండు మీద కొట్టాను. ఖణేల్మంది. లోపల పగిలిన రాయి అలా మోగదు.

"చెల్లెలికి కూడా సున్నం పెట్టాడా?" అని అడిగాను.

"పెట్టిండు. అదీ పగల్లే. నువ్వే చూడలే."

ఆ మధ్యాహ్నమే కొత్త ఉత్తరం రాసి కంపెనీకీ, అనుమతులిచ్చే ఆఫీసుకూ పంపాను. మొదటి వాక్యం: "నా పాత రిపోర్ట్ గుట్ట ఎక్కకుండా రాసినది, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను."

ప్రసాద్ ఫోన్ చేశాడు. "ఇలా మాట మారిస్తే మీకు ఇంకెవరు పనిస్తారండీ?"

"మాట మార్చట్లేదు ప్రసాద్ గారూ. ఇప్పుడే మొదటిసారి చూసి రాస్తున్నాను."

పేలుడు ఆగింది. ఆ కంపెనీ నన్ను మళ్లీ పిలవలేదు. పిలవకపోనీ. తర్వాత అక్కను జియో హెరిటేజ్ స్థలంగా, అంటే కాపాడవలసిన భూచరిత్ర ఆనవాలుగా, గుర్తించమని దరఖాస్తు పెట్టాను. రాయి వయసు, ప్రత్యేకత, ముప్పు, అన్నీ అందులో నింపాలి. వయసు దగ్గర సుమారు రెండు వందల యాభై కోట్ల ఏళ్లని రాశాను. ముప్పు దగ్గర "జియాలజిస్టు రిపోర్ట్" అని రాశాను.

దరఖాస్తు ఇంకా నడుస్తోంది. పాత సున్నం పక్కన కొత్త పట్టీ నేనే వేసి, తడి మీదే తేదీ గీశాను. నెలనెలా ఎక్కి చూస్తున్నాను. ఇంకో జియాలజిస్టుతో లూజ్ అని రాయిస్తామని కంపెనీ వాళ్లు అంటున్నారట. రాయించుకోనివ్వండి. ఆయన ముందు గుట్ట ఎక్కాలి. సుత్తి నేనిస్తాను. సున్నం యాదమ్మ చూపిస్తుంది.