మూడు చీటీలు, ఒకే నొప్పి

పదకొండు కొట్టేసరికి పెద్ద సిస్టరుకు కాళ్ళు పీకడం మొదలయ్యేది. ఆసుపత్రి అత్యవసర గదిలో ఇరవై ఆరేళ్ళుగా నిలబడిన కాళ్ళు అవి. అక్కడ ఆమెకో కుర్చీ ఉండేది గాని, అందులో ఎప్పుడూ రోగి తాలూకు మనిషి ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు. లెమ్మనడానికి ఆమెకు నోరు రాదు. ఇంటికెళ్తే ఆడపడుచు, "వదినా, నీ మొహం చూస్తే నువ్వే మంచమెక్కేలా ఉన్నావు" అనేది. "ఖాళీ మంచం దొరికితే కదా" అనేది ఈమె.

ఆ రోజు ఒక తల్లి పద్నాలుగేళ్ళ కూతుర్ని నడిపించుకుంటూ వచ్చింది. పిల్ల పొట్ట పట్టుకుని ముందుకు వంగిపోయి ఉంది. ముందురోజు సాయంత్రం నుంచి మూత్రం రావడం లేదట. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ పొట్ట తడిమి చూసి, "ఇన్ఫెక్షన్ అయ్యుంటుంది. మూత్రానికి ట్యూబు వేయండి సిస్టర్, మందులు రాస్తాను" అని ఇంకో మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

సిస్టరు తెర లాగి ట్యూబు వేసింది. పిల్ల మొహంలో బిగువు సడలింది.

"పోయిన నెల కూడా మీరే వేశారు ఆంటీ."

సిస్టరు పిల్ల వైపు తేరిపార చూసింది. ఆ మొహం ఆమెకు గుర్తులేదు. రోజుకి వంద మొహాలు. అయినా సిగ్గేసింది.

పాత చీటీలు ఉన్నాయా అని తల్లిని అడిగితే సంచిలోంచి మూడు తీసింది. ఒకదాని మీద గ్యాస్, ఇంకోదాని మీద నులిపురుగులు, మూడోదాని మీద ఇన్ఫెక్షన్. మూడో చీటీ కింద సంతకం సిస్టరుదే. సిస్టరు కళ్ళజోడు పెట్టుకుని జబ్బుల పేర్లు వదిలేసి తేదీలు చూసింది. ఒక రోజు అటూ ఇటూగా, నాలుగేసి వారాల తేడా.

"అమ్మా, పిల్ల పెద్దమనిషయిందా?"

"ఇంకా లేదు సిస్టర్. నాకూ ఆలస్యమే. అదే పోలిక అనుకున్నా."

సిస్టరు చీటీలు పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి నడిచింది.

"బయట ఇంకా పద్నాలుగు మంది ఉన్నారు సిస్టర్" అందామె, తలెత్తకుండానే.

"ఈ పిల్లని ఇలాగే పంపిస్తే వచ్చే నెల పదిహేనో మనిషి ఇదే అవుతుంది డాక్టరమ్మా. ఒక్కసారి తేదీలు చూడండి."

చూసింది. అప్పటికప్పుడు స్కానింగుకి రాసింది.

సాయంత్రం ఆడవాళ్ళ వార్డు పెద్ద డాక్టరు తల్లినీ కూతుర్నీ కూర్చోబెట్టి చెప్పింది. పుట్టేలోపు తెరుచుకోవలసిన ఒక సన్నని పొర ఈ పిల్లకు తెరుచుకోలేదు. నెలసరి ఎప్పుడో మొదలైంది, రక్తం బయటికి వచ్చే దారి లేక లోపలే నిలిచి మూత్రపు సంచిని నొక్కుతోంది. చిన్న ఆపరేషన్ చేసి పొర తెరిస్తే చాలు. గర్భసంచి బాగానే ఉంది.

డాక్టరు వెళ్ళాక తల్లి సిస్టరు చేయి పట్టుకుంది. "పొట్ట ఎత్తుగా ఉందని మా తోడికోడలు ఏదేదో అంది. తలుపేసి మరీ దీన్ని నిలదీశాను సిస్టర్. ఎవడని అడిగాను. తప్పు చేశాను."

పిల్ల గోడవైపు తిరిగిపోయింది. ఇలాంటి తల్లులకు చెప్పే మాటలు సిస్టరు దగ్గర బోలెడు ఉండేవి. ఆ సాయంత్రం అవన్నీ పక్కన పెట్టింది. తను మాత్రం ఏం తక్కువ తిన్నది? ట్యూబు వేసి, సంతకం చేసి, ఇంటికి పంపింది. ఈ ఇరవై ఆరేళ్ళలో ఇంకా ఎంతమందిని అలా పంపిందో.

"ఆ మాట నాకు కాదమ్మా, దానికి చెప్పు" అంది చివరికి.

మర్నాడు ఆపరేషన్ అయింది. మత్తు దిగాక పిల్ల అడిగింది. "ఇప్పుడు నేను అందరిలాగే ఉన్నానా ఆంటీ?"

"అందరిలాగే. ఇక నెలనెలా నువ్వూ విసుక్కుంటావు, చూస్తూ ఉండు."

పిల్ల కొద్దిగా నవ్వింది. తల్లి దువ్వెన తీసి, మంచం అంచున కూర్చుని, దాని జుట్టు చిక్కు తీస్తూ లోగొంతుతో చాలాసేపు ఏదో చెప్పింది. పిల్ల తల పక్కకు తీసుకోలేదు.

కడుపునొప్పితో వచ్చే ఆడపిల్లల చీటీలో నెలసరి మాట తప్పకుండా రాయాలని సిస్టరు అడిగితే డాక్టరమ్మ సరేనంది. వారం తర్వాత చూస్తే తొమ్మిది చీటీల్లో నాలుగింటి మీదే ఉంది. ఇక లాభం లేదనుకుని ఆ పూట మంచాల మీద ఉన్న పిల్లలను తనే అడిగి రాయడం మొదలుపెట్టింది.

"కడుపునొప్పికీ దానికీ ఏం సంబంధం?" అని ఒక తల్లి విసుక్కుంది.

సిస్టరు గోడకు ఆనుకుని, ఆ మూడు చీటీల సంగతి మొదటినుంచీ చెప్పింది.