అన్నం అనే మాట

మొన్న ఏదో సర్వేకి వచ్చిన పిల్ల మా గుమ్మంలోనే నిలబడి, ఫోను మీద గోటితో టిక్కు టిక్కుమని నొక్కుతూ, తలెత్తకుండా పది ప్రశ్నలడిగి పోయింది. ఆ చప్పుడుకి నాకు ఒళ్లు మండింది. వెంటనే ఆనందరావు మాస్టారు గుర్తొచ్చారు. నరసరావుపేటలో కాలేజీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పేవారాయన, తెనాలి వైపు మనిషి. పల్నాటి పేదరికం ఎంతో, అది మారుతోందో లేదో కొలవాలని అరవైల్లో ఊరూరా తిరిగారు. ఇల్లుగలామె కూర్చునేదాకా కలం మూత తీసేవారు కాదు. "మనం నిలబడి అడిగితే పోలీసులనుకుంటారమ్మా" అనేవారు. ఆయన దగ్గర ఫారాలు నింపడం నా పని. మాచర్ల దగ్గర కూలి ఇంట్లో పుట్టి, మిషను హాస్టల్లో ఉండి చదువుకున్న నాకు అదే మొదటి ఉద్యోగం.

ఫారంలో ఒక ప్రశ్న ఉండేది: రోజూ రెండు పూటలా అన్నం తింటారా? వరి పండే మాస్టారి ఊళ్లో అన్నమంటే భోజనం. మా మెట్ట ఊళ్లలో అన్నమంటే వరన్నమే. మేం తినేది జొన్న సంగటి. ఇంటి నిండా జొన్నలున్న ఆసామి కూడా "అన్నమా? పండక్కి తింటాం" అనేవాడు. నేను 'లేదు' అని రాసేదాన్ని. తెలియక కాదు. ఇది ఆకలి కాదు, మాటల్లో తేడా అని చెప్పాలంటే మా ఇంట్లోనూ సంగటే అని చెప్పుకోవాలి. హాస్టల్లో ఆ మాటకే పిల్లలు నన్ను ఏడిపించారు. మాస్టారి ముందు చెప్పడానికి మొహం చెల్లలేదు.

కొన్నేళ్లకు సాగర్ కాలవ నీళ్లొచ్చాయి. మళ్లీ అవే ఇళ్లకు వెళ్లి అదే ప్రశ్న వేస్తే, దాదాపు అందరూ అన్నం తింటున్నామన్నారు. మాస్టారి సంబరం ఇంతా అంతా కాదు. పేదరికాన్ని కొలవడం గురించి గుంటూరులో సదస్సు జరుగుతోందని రేయింబవళ్లు కూర్చుని వ్యాసం రాశారు. ఆ రెండోసారి ఫారాలు నింపేటప్పుడే ఒక ఊళ్లో మార్తమ్మ పిన్ని నాతో అంది: "అన్నమే తింటన్నాంలేమ్మే. అప్పుడు సంగటి రెండు పూటలా కడుపునిండా తినేవాళ్లం. ఇప్పుడు జొన్నచేలన్నీ వరిమడులయినాయిగా. బియ్యం కొనలేక చానా ఇళ్లల్లో ఒక్కపూటే." ఆ ఫారంలోనూ నేను 'అవును' అనే రాశాను.

సదస్సు రోజు పొద్దున, హాలు గోడకు పట్టికలు తగిలిస్తూ మధ్యలో ఆపేశాను. ఆకలి తీరిపోయిందని ఆ పట్టిక చెబుతోంది. సదస్సుకొచ్చే పెద్దవాళ్లు అది నమ్మి పోతే మార్తమ్మ పిన్ని సంగతి ఇక ఎవరడుగుతారు? మాస్టారికి అంతా చెప్పేశాను.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?" అన్నారు మాస్టారు.

"మొదటి ఫారం నుంచీ మాస్టారూ. మా ఇంట్లోనూ సంగటే. సిగ్గేసింది."

తిడతారనుకున్నాను, తిట్టినా బాగుండేది. పట్టికలు తనే విప్పి చుట్టేశారు. వేదికెక్కి, "ఆకలిని కొలిచాననుకున్నాను. కొలిచింది బియ్యాన్ని. నా వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాను. ప్రశ్న నాది, తప్పూ నాదే" అన్నారు. నా పేరెత్తలేదు. ముందు వరసలో ఒక పెద్దమనిషి నవ్వి, "ఇన్నేళ్ల శ్రమా దండగేనాండీ?" అన్నాడు.

"అచ్చయి ఉంటే దండగయ్యేదండీ" అని దిగి వచ్చేశారు. ఆ తర్వాత సదస్సులకు ఆయన్ని పిలవడం తగ్గించారు. అది నా వల్లేనని చాలాకాలం కుమిలిపోయాను.

వారం తిరక్కుండా నా ముందు తెల్లకాగితం పెట్టి, "ఈసారి ప్రశ్న నువ్వు రాయమ్మా" అన్నారు. నిన్న పొద్దున ఏం తిన్నారు, సాయంత్రం ఏం తిన్నారు అని రాశాను. "బాగుంది. మొదటి ఇల్లు మీదే. నీ చిన్నప్పటి సంగతి చెప్పు. పొద్దున?"

"సంగటి, గోంగూర పచ్చడి."

నేను అన్న మాట అన్నట్టే రాసుకున్నారు. "సాయంత్రం?"

"పొద్దుటిది మిగిలితే అదే మాస్టారూ. లేకపోతే లేదు."

ఆయన అదీ రాశారు. జాలి మాట ఒక్కటీ అనలేదు, అందుకే ఏడవకుండా చెప్పగలిగాను. ఇప్పుడు నన్నెవరైనా మీ అమ్మ ఏం పెట్టి పెంచిందని అడిగితే, గొంతు తగ్గించకుండా చెబుతాను. పెట్టలేని పూటల గురించి కూడా చెబుతాను.