మెడ కింద ఆంజనప్ప

చింతామణి ఊళ్ళో ఆంజనప్ప ఒళ్ళు అందరికీ కావలసి వచ్చింది. తల మాత్రం ఎవరికీ అక్కర్లేకపోయింది.

మార్కెట్లో టమాటా బాక్సులు మోసి మోసి పెంచిన ఒళ్ళది. ఛాతీ చూస్తే తలుపు చెక్క. కురుక్షేత్రం నాటకంలో పద్యాలన్నీ నోటికి వచ్చు. వస్తే ఏం లాభం? ఈ సీమలో పాత్రకు దుడ్డు కట్టినవాడే భీముడు. కట్టలేనివాడు భటుడి వేషంలో తెర పక్కన బల్లెం పట్టుకొని నిలబడాల్సిందే. మీసం నెరిసేదాకా ఆంజనప్ప అట్లాగే నిలబడ్డాడు.

నాటక మండలికి బ్యానర్లు వేసే అమరనాథ్ ఒకనాడు ఆ ఒళ్ళు చూశాడు. దుడ్డు కట్టే పెద్దమనుషులకేమో పొట్టలే గానీ భుజాలు లేవు. అందుకని ఆంజనప్పకు కిరీటం పెట్టి, గద పట్టించి, పచ్చగుడ్డ ముందర నిలబెట్టి ఫొటోలు తీశాడు. ఆ తర్వాత కంప్యూటర్లో తల కోసేశాడు. ఇక ఏ ఊరి నాటకమైనా ఒళ్ళు ఇదే, పైన దుడ్డు కట్టినవాడి తల. మండలికి కొత్త లోగో కావాలంటే గద ఎత్తిన ఆ కుడిచేతినే గుండ్రంలో ఇమిడ్చి ఇచ్చాడు.

ఆ చేతి మీద పెండ్లినాడు పొడిపించుకున్న పచ్చబొట్టు ఉండేది, సుజాత అని. పెండ్లాం పేరు. అమరనాథ్ దాన్నీ చెరిపేశాడు.

"రేపు కిరాణా సెట్టి తల పెడితే, సెట్టి చేతి మీద మా వదిన పేరుంటే రెండిండ్లల్లోనూ చెప్పులు లేస్తాయప్పా!"

సుజాతమ్మ మాత్రం బ్యానరు కనబడితే నిలబడేది. "అదో, మా ఇంటాయన."

"యాడమ్మా? ఆడ ఉండేది కిరాణా సెట్టి కదా!" అనేది పక్కింటి ప్రేమ.

"తల సెట్టిది. మెడ కింద మా ఆయనే."

"అట్లయితే సెట్టి పెండ్లాము నీకు సవితే!"

నవ్వేవాళ్ళ నోటికి తలుపులుంటాయా? తర్వాత చక్కెర జబ్బు వచ్చి ఒళ్ళంతా తినేసింది. ఆంజనప్ప చొక్కా తొడుక్కుంటే, చొక్కాయే ఆయన్ను తొడుక్కున్నట్టుండేది.

ఈ ఏడాది పాతపాళ్య దగ్గరి ఒక పల్లెలో నాటకం కుదిరింది. పోయినేడు భీముడు కట్టిన ఆ ఊరి పంచాయతీ మెంబరు బయ్యప్ప ఈసారి కృష్ణుడికి మారాడు. భీముడికి ఎవరూ రాలేదు. మండలి పెద్ద మునినారాయణ విధిలేక, దుడ్డు అడక్కుండానే ఆంజనప్పను పిలిచాడు.

"ఒకటే మాటప్పా," అన్నాడు ఆంజనప్ప. "బ్యానర్లో నా ఒంటి మీద నా తల పెట్టల్ల."

అమరనాథ్ పెట్టి చూశాడు. ఎండిన తల ఆ మెడ మీద నిమ్మకాయలా కూర్చుంది. పెద్దది చేస్తే బుగ్గల గుంతలూ పెద్దవయ్యాయి.

"నీ ఒళ్ళే కానీ నీకు సరిపోలేదప్పా. బుగ్గలు కొంచెం పూడుస్తా."

"వద్దు. నేనని తెలియల్ల."

బ్యానరు పల్లె బస్టాండులో కట్టారు. పక్కనే ఆంజనప్ప, ఉతికిన పంచెలో. జనం చేరారు. బయ్యప్ప బండి దిగాడు. బ్యానరు చూసి మొహం నల్లబడింది.

"ఏమ్రా ఇది? పోయిన సంవత్సరం ఇది నా ఒళ్ళు. ఊరంతా చూసింది. నా ఒంటి మీద బాక్సులు మోసేవాడి తల పెడతారా?"

"ఔను, మెంబరు ఒళ్ళే!" అన్నారెవరో. "ముసలోడు దొంగిలించినాడు!"

"నాదేనప్పా ఒళ్ళు!" ఆంజనప్ప చొక్కా చేయి పైకి లాగాడు. పుల్లలాంటి చేతి మీద పచ్చబొట్టు ముడతలు పడి ఉంది. "సుజాత అని ఉండాది, చూడండి."

అందరూ చూశారు. తర్వాత బ్యానర్లో చేతిని చూశారు. గద పట్టిన ఆ చేయి నున్నగా, తళతళలాడుతూ ఉంది. ఒక్క చుక్క లేదు. నవ్వు బస్టాండు దాటి వినబడింది.

ఆంజనప్ప అమరనాథ్ వైపు తిరిగాడు. "నువ్వే కదా చెరిపింది. చెప్పప్పా!"

అమరనాథ్ మునినారాయణ వైపు చూశాడు. మునినారాయణ బయ్యప్ప వైపు చూశాడు. బయ్యప్ప తన తమ్ముడి వైపు చూశాడు.

మధ్యాహ్నానికల్లా బయ్యప్ప తమ్ముడి తల ప్రింటై వచ్చింది. తల పోయినాక పాత్ర నిలుస్తుందా? అదీ తమ్ముడికే పోయింది. అతికించడానికి నిచ్చెన ఎక్కింది అమరనాథ్. కింద పట్టుకొమ్మన్నది ఆంజనప్పను. పట్టుకున్నాడు.

దిగి వచ్చి అమరనాథ్ ఆయన భుజం తట్టాడు.

"బాధపడొద్దప్పా. నీ తల పారేయలేదు, కంప్యూటర్లో పెట్టినా. రేపు శ్రద్ధాంజలి బ్యానరుకు కావల్ల కదా. దానికి ఒళ్ళు కూడా వద్దు."

ఆంజనప్ప నిచ్చెన మడిచి బండిలో పెట్టి, బల్లెం ఎక్కడ ఉందో వెతుక్కోవడానికి వెళ్ళాడు.