తథాస్తు దేవతలూ, నా క్లాసూ

అనకాపల్లి కాలేజీలో స్టూడెంట్ కౌన్సెలర్లకు శిక్షణ ఇచ్చే పని నా నెత్తిన పడింది. చచ్చిపోదామనుకునే తోటి పిల్లలను పసిగట్టి, మాట్లాడించి, సాయం దొరికే చోటికి చేర్చడం వాళ్ల పని. పసిగట్టడం తొందరగానే వచ్చేసింది. తిప్పలన్నీ ఒక్క ప్రశ్న దగ్గరే. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగాలి. అడిగినంత మాత్రాన ఎవరికీ ఆ ఆలోచన పుట్టదని, ఉన్నవాళ్లకు చెప్పుకునే దారి దొరుకుతుందని గొంతు చించుకున్నాను. ఒక్కరికీ నోరు పెగల్లేదు.

"పైన తథాస్తు దేవతలుంటారండి మేడమ్," అన్నాడొకడు. చర్చిలో మైకు వదలని పిల్లయితే ముందు ప్రార్థన చేసుకుంటానంది. ప్రార్థన బ్రహ్మాండంగా సాగింది, ప్రశ్న మాత్రం రాలేదు. జంటలుగా నటించమంటే ఒకడు, బాధలో ఉన్నవాడి వేషం వేసినవాణ్ణి పట్టుకుని, "ఏటి బావా, ఏటైనా... అదే... దూరంగా ఎల్లిపోవాలనుందేటి?" అన్నాడు. "రావికమతం బస్సు రానీ, ఎల్తాను," అన్నాడు రెండోవాడు. నాకు ఒళ్లు మండింది, నవ్వూ ఆగలేదు. అందరినీ నిలబెట్టి ఎక్కాల్లా ఆ ప్రశ్న వల్లె వేయించాను. వరండాలో వెళ్తున్న అటెండరు లెంపలు వేసుకుని నడక పెంచాడు.

కె. కోటపాడు నుంచి వచ్చే అమ్మాయి మాత్రం నవ్వలేదు. క్లాసయ్యాక నా వెనకాలే వచ్చింది.

"పెద్దోళ్లనీ ఇలాగే అడగొచ్చా మేడమ్? మా నాన్న సెరకు తోట మొకం సూడ్డం మానేసేడు. ఎవులితోటీ మాటల్లేవు."

నడక ఆపేశాను. అడగమన్నాను. అవునంటే ఒంటరిగా వదలొద్దని, దగ్గరివాళ్లను పిలిచి పురుగుమందులు ఇంట్లోంచి తీసేయించమని, పొద్దున్నే డాక్టరుకు చూపించమని చెప్పాను.

మర్నాడు ఆమె క్లాసుకు రాలేదు. పాఠం ఏం చెప్పానో నాకే తెలియదు, పిల్లలు అడిగినదానికల్లా విసుక్కున్నాను. భయమేసింది.

మధ్యాహ్నం తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. డాక్టరు దగ్గర నుంచే వస్తున్నారట. ఆయన తువ్వాలు నలుపుతూ గుమ్మంలో నిలబడ్డాడు.

"అడిగీసింది మేడమ్," అన్నాడు. "అవునన్నాను. మా బావమరిదిని పిలిసి మందులన్నీ పంపించీసింది. నన్నొదిలి కదల్లేదు."

"కోపం రాలేదా?" అన్నాను.

"సిగ్గేసింది. పిల్ల ముందర ఏడిసేను." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "తరవాత ఆకలేసింది," అన్నాడు.