గంగ అన్నం తిన్నదా?

2022 వేసవి. తెనాలిలో బోసు రోడ్డు వెనక సందులో, ఓ మిఠాయి దుకాణం మేడ మీద మాది రెండు గదుల ప్రచురణ సంస్థ. అప్పటికి నేను పద్దెనిమిదేళ్లుగా అక్కడ కాపీ ఎడిటర్‌ని. అంటే రచయిత తెచ్చిచ్చిన రాతప్రతిని అచ్చుకి వెళ్లేముందు వాక్యం వాక్యం చదివి, తప్పులు దిద్ది, ముందొకటీ వెనకొకటీ చెప్పిన చోట్లు పట్టుకునే మనిషిని. పుస్తకం మీద నా పేరు ఎక్కడా ఉండదు. తప్పు కనబడితే మాత్రం అందరికీ నేనే గుర్తొస్తాను.

నాకు కుదురు తక్కువ. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే జరిగిందంతా దానివల్లే జరిగింది. టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునే రకాన్ని. సినిమాకి వెళ్తే సగంలోనే "చివరికేమవుద్దో చెప్పవే" అని పక్కనున్నవాళ్లని పీక్కు తింటాను. ఇలాంటిదానివి ఒక్కో అక్షరం చూసే ఉద్యోగంలో ఎలా నెగ్గుకొస్తున్నావే అని మా అక్క ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

ఆ వేసవిలో నా బల్ల మీదికి 'రెండు చంద్రుల రేవు' అనే నవల వచ్చింది. నాలుగు లావుపాటి నోటు పుస్తకాలు, నీలం ఇంకు, ముత్యాల్లాంటి దస్తూరి. రాసినావిడ ఎస్తేరు గారు, బాపట్లలో ఉంటారు. ఆడపిల్లల హాస్టళ్లలో ముప్ఫై ఏళ్లు వార్డెన్‌గా చేసి రిటైరయ్యారు. అరవై రెండేళ్ల వయసులో అది ఆవిడ మొదటి పుస్తకం. అది ఫాంటసీ నవల అని తెలిసి మా ఆఫీసులో అందరం మొహమొహాలు చూసుకున్నాం.

ఫాంటసీని ఎడిట్ చెయ్యడం వేరే పని. మామూలు సంసారాల నవలైతే లోకమే నాకు సాక్షి. బాపట్లలో రైలెక్కినవాడు తెనాలిలో బండి మారకుండా రేపల్లెలో దిగాడని రాస్తే, కుదరదని చెప్పడానికి నాకు పెద్ద తెలివక్కర్లేదు. ఫాంటసీలో లోకాన్ని కూడా రచయితే కట్టుకోవాలి. దాన్ని వరల్డ్ బిల్డింగ్ అంటారు. ఆ లోకానికి కొన్ని నియమాలుంటాయి, పుస్తకంలో తప్ప బయటెక్కడా వాటికి సాక్ష్యం దొరకదు. మన పాత జానపద నవలల్లోనే చూడండి. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని చెప్పాక, పదో అధ్యాయంలో వాడు బాణం తగిలి చచ్చిపోతే పాఠకుడు పుస్తకం విసిరికొడతాడు. సైన్స్ ఫిక్షనైనా అంతే. కాలంలో వెనక్కి తీసుకెళ్లే యంత్రం ఒక్కసారే పనిచేస్తుందన్నాక, కథ ఇరుకున పడింది కదా అని దాన్ని రెండోసారి తిప్పకూడదు. నమ్మలేనిది ఎంతైనా రాయొచ్చు, ఇచ్చిన మాట మాత్రం తప్పకూడదు.

ఎస్తేరు గారి రేవు చూడ్డానికి మన నిజాంపట్నం మడ అడవుల్లాగే ఉంటుంది. కాకపోతే ఆకాశంలో ఇద్దరు చంద్రులు. ఒకడు తరిగేటప్పుడు రెండోవాడు పెరుగుతాడు. ఎవరూ లేని చుక్క అనే పదేళ్ల పిల్ల, గంగ అనే ఆవిడ పడవెక్కి రేవు దాటి, కొండ అవతలికి బయల్దేరుతుంది. రెండో అధ్యాయంలో 'అమావాస్య చీకటి' అని ఉంది. ఇద్దరు చంద్రులున్న లోకంలో అమావాస్య ఎక్కణ్నుంచి వస్తుంది? వెంటనే ఫోన్ చేశాను.

"అయ్యో, భలే పట్టావమ్మాయ్! నాకసలు తట్టనే లేదు" అన్నారు ఎస్తేరు గారు.

ఆ మెచ్చుకోలు నా తలకెక్కింది.

మా పనిలో ఒక పద్ధతుంది. కలం పక్కన పడేసి, నవల మొత్తం ఒకసారి ఊరికే చదవాలి. ఆ తర్వాతే దిద్దుబాటు. నేను ఆ పద్ధతి ఎగ్గొట్టాను. కథ తెలుసుకోవాలన్న తొందరా, పని తెమల్చాలన్న తొందరా కలిసి, చదువుతూనే దిద్దుకుంటూ పోయాను.

చదువుతుంటే ఒక విషయం దగ్గర ఒళ్లు మండింది. "గంగా, పడవ ఇటు తిప్పు" అంటుంది చుక్క. పదేళ్ల పిల్ల, యాభై ఏళ్ల మనిషిని! దారిలో కలిసిన ముసలాయన్ని "వీరయ్యా" అంటుంది. ఎవరూ ఎవర్నీ వరస పెట్టి పిలవరు. ఇదేం మర్యాద? మన వైపు బస్సులో ముక్కూ మొహం తెలియనావిణ్ని కూడా "అక్కా, కాస్త జరుగు" అంటాం. కూరల బండాయన బాబాయ్, కండక్టరు అన్నయ్య. పాపం, కొత్త రచయిత్రి కదా, సంభాషణ పట్టుబడలేదనుకున్నాను. గంగని పిన్నిని చేశాను, వీరయ్యని తాతని చేశాను, దారిలో కనబడిన ప్రతివాళ్లకీ ఒక వరస తగిలించాను. మా డీటీపీ ఆపరేటర్ నాగమణి అవన్నీ కంప్యూటర్లో ఎక్కించేసింది. ఎస్తేరు గారికి అయినంతవరకు ప్రూఫులు పంపుదామంటే, అప్పుడే ఆవిడకి శుక్లాల ఆపరేషనైంది. "నువ్వున్నావుగా, చూసెయ్" అన్నారు.

పదిహేడో అధ్యాయంలో నా కొంప మునిగింది.

కొండ అవతల చుక్క ఒకావిడని మొదటిసారి "అమ్మా" అంటుంది. అనగానే ఇద్దరి మణికట్ల మీదా నీలంగా ఒక గీత పడుతుంది. ఆ లోకం నియమం అది. వరస పెట్టి పిలిస్తే గీత పడుతుంది, అది ఇక చెరగదు. ఆ ఇద్దరిలో ఒకరు ఆకలితో ఉంటే రెండోవాళ్లకి అన్నం గొంతు దిగదు. అందుకే అక్కడ ఎవరూ ఎవర్నీ ఊరికే అమ్మా, అక్కా అనరు. పదహారు అధ్యాయాలపాటు ఆవిడ దాచి దాచి తెచ్చిన ఒక్క పిలుపుని, నేను దారి పొడుగునా మరమరాల్లా చల్లేశాను.

పై ప్రాణాలు పైనే పోయాయి. నాగమణికి చెప్తే ఆ పిల్ల తేలిగ్గా తీసేసింది.

"ఎవరు చూస్తారు మేడం అంత నిదానంగా? చదవడానికి ఇదే బాగుంది గదండీ."

ఆ మాట నాకు ఒక పూటంతా ముద్దొచ్చిందని ఒప్పుకోవాలి. ఎస్తేరు గారికా కళ్లు కనబడటం లేదు. పదిహేడో అధ్యాయంలో రెండు వాక్యాలు మార్చేస్తే సరిపోతుంది. కానీ ఆ పూట దాటాక ఆ పని చెయ్యబుద్ధి కాలేదు. మర్నాడు పొద్దున్నే పాసింజరెక్కి బాపట్ల వెళ్లాను.

ఎస్తేరు గారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని వాకిట్లో కుర్చీలో ఉన్నారు. నేను చెప్పిందంతా విన్నారు. తిడతారేమోనని చూశాను. తిట్టలేదు.

"ఎన్ని పెట్టావ్?" అన్నారు.

"లెక్క చూళ్లేదండీ. చాలానే."

అప్పుడు అన్నారు: "ఏడేళ్లప్పుడు నన్ను హాస్టల్లో వేశారమ్మాయ్. అమ్మా నాన్నా పోయారుగా. వార్డెన్‌గా ఎవరొచ్చినా అమ్మా అనమనేవాళ్లు. అన్నాను. ఐదుగురొచ్చారు. ఐదుగురికీ ట్రాన్స్‌ఫరైంది. పెట్టె పట్టుకుని వెళ్లేటప్పుడు ఒక్కరన్నా వెనక్కి తిరిగి చూస్తారేమోనని గేటు దగ్గర నిలబడేదాన్ని. తర్వాత నేనే వార్డెన్ని అయ్యాను. నన్నూ అమ్మా అన్నారు. నేనూ వెళ్లిపోయా. ఉద్యోగం, ఏం చేస్తాం? ఎవర్ననాలి? అందుకే ఆ మాట ఊరికే పోని ఊరొకటి రాసుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. "అన్నీ తీసేస్తానండీ" అన్నాను.

"నువ్వు చదువు, నేను వింటా. ఒక్కటి కూడా ఉండకూడదు."

మూడు రోజులు రోజూ బాపట్ల వెళ్లాను. ఒడిలో నోటు పుస్తకం, పక్కన అచ్చు పేజీలు. నేను పైకి చదవడం, వరస వచ్చిన చోట ఆవిడ "తీసెయ్" అనడం. రెండో రోజు సాయంత్రం తొమ్మిదో అధ్యాయంలో ఉండగా బండి టైమైంది. నా కాళ్లు అప్పటికే స్టేషన్ వైపు లాగుతున్నాయి. రెండు పేజీలు చదవకుండా తిప్పేసి, అధ్యాయం చివరి వాక్యం చదివాను. ఆఫీసుకెళ్లి చూసుకుందాంలే అనుకున్నాను. చూసుకోలేదు. మూడో రోజు ఆవిడ "అన్నీ అయినట్టేనా?" అని అడిగితే, "అయినట్టేనండీ" అన్నాను.

పుస్తకం వచ్చింది. బాపట్లలో చిన్న సభ పెట్టాం. కొత్త కళ్లతో పుస్తకాన్ని తిప్పి తిప్పి చూసుకుని, ఎస్తేరు గారు చిన్నపిల్లలా మురిసిపోయారు. నేను వేరే పుస్తకాల్లో పడిపోయాను.

చలికాలంలో మా ఆఫీసుకి ఒక ఉత్తరం వచ్చింది. రచయిత్రి గారికి అని రాసుంది. పాఠకుల ఉత్తరాలు విప్పడం నా పనే. రూళ్ల కాయితం, గుండ్రటి అక్షరాలు. రేపల్లెలో హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదువుతున్న ప్రసన్న అనే పిల్ల రాసింది.

"మేడం గారికి నమస్కారములు. మీ నవల రెండుసార్లు చదివాను. ఒక డౌటు. 94వ పేజీలో చుక్క పడవ దిగేటప్పుడు గంగను 'పిన్నీ, వెళ్లొస్తా' అంది. అంటే ఇద్దరికీ గీత పడాలి. తర్వాత చుక్క కొండ మీద మూడు రోజులు తిండి లేకుండా ఉంది కదా. అప్పుడు గంగ అన్నం తిన్నదా? మీరు రాయలేదు. దయచేసి చెప్పగలరు."

పుస్తకం లాగి 94వ పేజీ తీశాను. ఉంది. నేను తిప్పేసిన రెండు పేజీల్లో ఒకటది. తల కొట్టేసినట్లయింది. ప్రెస్సులో చదివినవాళ్లు పట్టుకోలేదు, సభలో మాట్లాడినవాళ్లు పట్టుకోలేదు. ఆ పిల్లొక్కతే పట్టుకుంది. ఎందుకంటే ఆ పిల్లొక్కతే నియమాన్ని నిజంగా నమ్మింది.

మళ్లీ బాపట్ల. ఈసారి ఎస్తేరు గారు ఉత్తరం తనే చదువుకున్నారు, రెండుసార్లు. తర్వాత నా వైపు చూశారు.

"అన్నీ అయినట్టేనన్నావు."

"బండి టైమైందని రెండు పేజీలు వదిలేశానండీ. మీకు అబద్ధం చెప్పాను."

"ఇప్పుడు నేనేం చెప్పాలి ఈ పిల్లకి?" ఆవిడ గొంతు మొదటిసారి పెరిగింది. "అచ్చుతప్పమ్మా, పట్టించుకోకు అనా? ఆ పిలుపు లెక్కలోకి రాదు అనా? నేను జన్మంతా విన్న మాటే అది! మళ్లీ నా చేత అనిపిస్తావా?"

మంచినీళ్లు తాగమని గ్లాసిస్తే ఆవిడ పక్కన పెట్టేశారు. తర్వాత, "ఆదివారం రేపల్లె వెళ్దాం. నువ్వూ రా. చెప్పాల్సింది నువ్వే" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. ప్రసన్న తలంటుకున్న తడి జుట్టుతో వచ్చింది. బక్కపల్చటి పిల్ల, చేతిలో మా పుస్తకం. రచయిత్రి తనని చూడ్డానికి రావడమేంటో దానికి అంతుపట్టలేదు. నమస్కారం పెట్టి, గోడకి ఆనుకుని నిలబడింది.

నేనే మొదలుపెట్టాను. "ఆ పిన్నీ అన్న మాట ఈవిడ రాయలేదమ్మా. నేను పెట్టాను. మనం అందర్నీ అలా పిలుస్తాంగా, ఆ అలవాటులో పొరపాటున పెట్టేశాను. తర్వాత తియ్యడం మర్చిపోయాను. తప్పు నాది."

ఆ పిల్ల పుస్తకం అట్ట మీద వేలు రాస్తూ ఆలోచించింది. నన్ను తప్పుపడుతున్నట్టు లేదు. లెక్క సరిచూసుకుంటున్నట్టుంది.

"పొరపాటున పిలిచినా గీత పడుద్ది గదండీ?" అంది.

నేను ఎస్తేరు గారి వైపు చూశాను. ఆవిడ చీర కొంగుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు.

"పడుద్దమ్మా" అన్నారు.

"అయితే గంగ?"

"తినలేదు. మూడు రోజులూ తినలేదు. కుండలో అన్నం పెట్టుకుని కూర్చుంది, ముద్ద దిగలేదు. నాకే తెలీలేదు, అందుకని రాయలేదు."

ప్రసన్న మొహం విప్పారింది. గోడ వదిలి ఒకడుగు ముందుకొచ్చింది.

"నేనూ అదే అనుకున్నానండీ! మరి చుక్కకి చెప్పండి మేడం. పాపం, దానికి తెలీదు. తనకోసం ఎవరూ లేరనుకునే కొండెక్కింది."

ఎస్తేరు గారు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ సాయంత్రం నేను బండి టైము అడగలేదు.

రెండో ముద్రణలో ఇప్పుడు ఒక అధ్యాయం ఎక్కువుంది. గంగ చుక్కని వెతుక్కుంటూ కొండెక్కి వచ్చి, మూడు రోజుల సంగతి చెప్తుంది. ఎస్తేరు గారు చెప్తుంటే నేనే రాసిపెట్టాను. ఆ తర్వాత నా పని తీరు మారింది. ఏ నవలైనా చివరిదాకా చదవందే కలం పట్టను. లేని లోకాన్ని నమ్మి చదివేవాళ్లకి మనం మామూలు లోకంలో కంటే ఎక్కువ జవాబుదారీగా ఉండాలని ఆ వరండాలో తెలిసొచ్చింది. అయినా మనసుకి నెమ్మది లేదు. ఇన్నేళ్లలో నా చేతి మీదుగా వెళ్లిన పుస్తకాలు వందల్లో ఉన్నాయి. వాటిలో నేను తొందరపడి పెట్టేసిన పిలుపులు ఎన్నున్నాయో, ఏ రేవులో ఎవరు ముద్ద దిగక కూర్చున్నారో, నాకు తెలియదు. అడుగుతూ ఇంకో ఉత్తరం రాలేదు.