వేలి వెడల్పు ఇత్తడి

పోయిన ఆదివారం ఉదయం మా అమ్మాయి తన ఫోనును టీవీకి కలిపి, "అవ్వా, తాత వాయించింది వచ్చేసినాది, రా!" అని కేక పెట్టగానే వంటింట్లో మా అమ్మ గరిటె చప్పుడు ఆగిపోయింది. చప్పుడు ఆగింది గాని అమ్మ రాలేదు. "పొయ్యి మీద సాంబారు ఉండాది. మీరు చూసుకోండి," అంది. సాంబారు ఎప్పుడో దించేసిందని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇంగువ వాసన హాలు దాటి వీధి గేటు దాకా పోయింది. హాల్లో మా నాయిన వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తున్నాడు. ఎనభై రెండేళ్ళ జీవితంలో ఆయనకు పట్టుబడని విద్య అదొక్కటే. కళ్ళు మూసుకున్నాడు గాని కుడికాలి బొటనవేలు నేల మీద తాళం వేస్తూనే ఉంది.

రెండు వారాల కిందట దిండిగల్‌లో కొందరు ఉత్సాహవంతులు పాతకాలపు బ్యాండు సెట్లను పిలిచి ఒకే వేదిక మీద కచేరీ చేయించారు. అటు కోయంబత్తూరు నుంచి మా నాయిన బ్యాండు, ఇటు మదురై నుంచి మా అమ్మ తమ్ముడి బ్యాండు. నేను వెళ్ళలేదు. ఆ రెండు బ్యాండ్లూ కలిసి వాయించే చోట తను ఉండనని అమ్మ ఎన్నడో ఒట్టు పెట్టుకుంది, ఆమెకు తోడుగా ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి గదా. తిరిగొచ్చిన నాయినను "ఎట్లా జరిగింది?" అని అడిగితే "బిరియానీ బాగుండింది" అన్నాడు. మామకు ఫోను చేస్తే "రికార్డింగు వస్తాది, చూసుకో పాపా" అని పెట్టేశాడు. నాకు మనవరాలు పుట్టే వయసు వచ్చినా మామకు నేను పాపనే. తాళాలకు పేరుపడ్డ దిండిగల్ పోయినందుకు ఇద్దరూ నోటికి ఆ ఊరి తాళాలే వేయించుకొచ్చారని మా ఆయన అన్నాడు.

ఈ ఒట్టు కథ తెలియాలంటే ముప్పైరెండేళ్ళు వెనక్కి, నా పెళ్ళి దాకా పోవాలి. మావైపు పెళ్ళికూతురికి మేనమామ సీరు తేవడం ఆచారం. పళ్ళేల్లో చీర, పండ్లు, పూలు, పసుపు పెట్టుకుని వరుసగా నడిచి వస్తారు. మా మామ మాత్రం "పళ్ళేలు ఎవడైనా తెస్తాడు, నా అక్క బిడ్డకు నా బ్యాండే సీరు" అని పద్నాలుగు మందిని ఎర్రకోట్లతో సహా మదురై నుంచి బయల్దేరదీశాడు. కోయంబత్తూరు గాంధీపురంలో దిగి, పెళ్ళి జరిగే పీలమేడుకు టౌన్ బస్సు ఎక్కితే, పెద్ద డోలు వాకిట్లో ఇరుక్కుని రెండు స్టాపుల దాకా ఎవరూ దిగలేకపోయారట. ఇంకొకపక్క, మాస్టరు కూతురి పెళ్ళికి మేము వాయించకుండా ఎవరు వాయిస్తారని నాయిన మనుషులు నీలం కోట్లు వేసుకుని మండపం ముందు ముందే నిలబడ్డారు.

ఇక్కడ కొమ్ము గురించి చెప్పాలి. మా ముత్తాత ఏదో పటాలం బ్యాండు నుంచి సంపాదించిన ట్రంపెట్టు అది. పైన వెండి పూత. ఇంట్లో దాన్ని కొమ్ము అనే అంటాం. ప్రతి శుక్రవారం విబూదితో తోమి, పచ్చ గుడ్డ సంచిలో పెట్టి, పూజ అల్మారా పక్కనే వేలాడదీస్తాం. మా బ్యాండులోకి ఏ కొత్త వాయిద్యం వచ్చినా ముందు నాయిన కొమ్ము ఊదేవాడు, మిగతావన్నీ దాని శ్రుతికి రావలసిందే. ఎందుకో గాని మా బ్యాండులో క్లారినెట్టు వాయించేవాడు నిలిచేవాడు కాదు. వచ్చిన ప్రతివాడూ నెల తిరగక ముందే ఏదో సాకు చెప్పి పోయేవాడు. ఒకడైతే సాకు కూడా చెప్పలేదు, చెవులు మూసుకుని పోయాడు. క్లారినెట్టు వాళ్ళకు నిలకడ ఉండదని నాయిన తేల్చేశాడు. మా మామ వాయించేది క్లారినెట్టే. ఆయన బ్యాండుకు శ్రుతి వాళ్ళ గురువు నేర్పిన చర్చి బడిలోని పాత హార్మోనియం. ఆ గురువు పోయినా హార్మోనియం మాట వాళ్ళకు వేదవాక్కు.

పెళ్ళి ఉదయమంతా ఒక పాట వీళ్ళు, ఒక పాట వాళ్ళు వంతులవారీగా వాయించారు. జనం కాఫీలు చల్లారబెట్టుకుని విన్నారు. అమ్మ పెళ్ళిపనులు వదిలేసి రెండు బ్యాండ్ల నడుమ అటూ ఇటూ తిరుగుతూ, ప్రతి పాటనూ కూనిరాగం తీస్తూ మురిసిపోయింది. తర్వాత తాళి కట్టే వేళ అయ్యగారు చెయ్యెత్తి "కెట్టి మేళం!" అని అరిచారు. ఆ క్షణాన చెడ్డమాట ఏదీ చెవిన పడకూడదని ఉన్న వాయిద్యాలన్నీ ఒక్కసారిగా గట్టిగా మోగాలి. ఎర్రకోట్లూ నీలం కోట్లూ అందరూ ఒకే మంగళం ఎత్తుకున్నారు. జీవితంలో మొదటిసారి కలిసి ఎత్తుకున్నారు.

ఆ చప్పుడు ఎలా ఉందో చెప్పడానికి నేను చదివిన పుస్తకాలేవీ చాలవు. పీటల మీద తల వంచుకున్న నాకు పచ్చి మామిడికాయ కొరికినట్టు పళ్ళు పులిసిపోయాయి. రెండో ముడి వేస్తున్న మా ఆయన చెయ్యి ఆగిపోయింది, తల తిప్పి చూశాడు. మా ఆయన మేనత్త అక్షింతలు పట్టుకునే "ఎవురన్నా బస్సు కింద పడినారా ఏమి?" అని పెద్దగా అడిగింది. అప్పటిదాకా ఆపుకున్న నవ్వు మండపమంతా పగిలింది. నాయిన పెళ్ళికూతురి తండ్రిననే సంగతి మరచి లేచి వచ్చాడు. "నీ క్లారినెట్టు కర్ర శ్రుతి దిగిపోయినాదిరా!" అన్నాడు. మామ ఊరుకుంటాడా? "దిగింది నాది గాదు బావా, ఎక్కింది మీ కొమ్ము! ఉప్పు ఎక్కిన కూర మాదిరి!" ఇద్దరి మధ్యా హారతి పళ్ళెంతో నిలబడింది అమ్మ. "ఒకరు మొగుడు, ఒకరు తమ్ముడు. ఉండేది రెండు చెవులు. ఏ చెవి మూసుకోవాల నేను? ఇంక మీరిద్దరూ ఒక చోట ఊదితే ఆ చోట నేనుండను!" అంది.

నాయినా మామా మాటలు మానుకోలేదు. పండక్కూ చావుకూ వచ్చేవాళ్ళు, కలిసి తినేవాళ్ళు. చివర్లో కాఫీ దగ్గర మాత్రం ఎక్కిందా దిగిందా అనే వాదన తప్పేది కాదు, కలిసి వాయించడమూ లేదు. నష్టపోయింది అమ్మ. ఆ రోజు నుంచి ఆమె కూనిరాగం తీయగా నేను వినలేదు. వీధిలో బ్యాండు ఊరేగింపు వస్తే లోపలికి పోయి, పొయ్యి మీద కుక్కరు పెట్టేది. దాని ఈలలో అన్నీ కలిసిపోయేవి. మా ఇంట్లో పప్పు అవసరానికి మించి ఉడికిన రోజులన్నీ ముహూర్తం రోజులే.

నేను తమిళంలో ఎనిమిదో తరగతి దాకా చదివి మిల్లులో చేరినదాన్ని. తెలుగు మా నోట్లో ఉండేది గాని కళ్ళకు తెలియదు. షిఫ్టు దిగి ఇంటికి వచ్చే దారిలో ఒక చిన్న గ్రంథాలయం ఉండేది. దాని అడుగు అరలో అట్ట పోయిన తెలుగు వాచకం ఒకటి దొరికింది. నేను నోటితో రోజూ అనే మాటలే కాగితం మీద గుండ్రంగా కూర్చుని కనబడ్డ రోజు అన్నం సహించలేదు. ఆ తర్వాత ఆగలేదు. ఏది చదవాలో చెప్పేవారు లేక అర ఎడమ చివర మొదలుపెట్టి కుడి చివర దాకా వరుసగా చదివాను. తేనెటీగల పెంపకం, బావి తవ్వకం, గుర్రాల రోగాలు, ఏదీ వదలలేదు. గ్రంథాలయం సారు "గుర్రం కొన్నావా అమ్మా?" అని అడిగేవారు. ఆ వరుసలోనే, పెళ్ళయిన కొన్నేళ్ళకు, ఒకనాడు వాయిద్యాల మరమ్మతు మీద ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్క పేజీకి మూడు రోజులు తీసుకున్నాను. మూడో రోజు సాయంత్రం ఆ బల్ల దగ్గరే పైకి నవ్వాను. పూర్వం పటాలాల కొమ్ములను ఇప్పటికంటే కాస్త హెచ్చు శ్రుతికి చేసేవారట. తర్వాత అందరూ శ్రుతి దించుకున్నారట. అంటే మా ముత్తాత కొమ్ముదీ తప్పు లేదు, మామ హార్మోనియందీ తప్పు లేదు. రెండూ వేరువేరు కాలాల్లో పుట్టాయి, అంతే. మా క్లారినెట్టు వాళ్ళు ఎందుకు పారిపోయేవారో కూడా ఆ పేజీలోనే ఉంది: ఇప్పటి క్లారినెట్టు ఎంత ఊదినా ఆ ఎత్తుకు ఎక్కదు.

పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాను. నాయిన అంతా విని, "ఆ పుస్తకం ఎప్పుడన్నా కొమ్ము ఊదినాదా?" అన్నాడు. మామకు ఫోను చేస్తే, "అంటే మీ నాయిన కొమ్ము ఎక్కినాదని పుస్తకంలోనే ఉండాది గదా!" అని ఎగిరాడు. చదువు కొన్నిసార్లు అగ్గిలో నెయ్యి అవుతుందని ఆ పుస్తకంలో లేదు, నేనే నేర్చుకున్నాను.

ఏళ్ళు గడిచాక దిండిగల్ పిలుపు వచ్చింది. తాను వెనక్కి తగ్గాడని అనిపించుకోకూడదని ఇద్దరూ వెంటనే సరే అన్నారు. నేను మళ్ళీ మొదలుపెట్టాను. "నాయినా, క్లారినెట్టును పొట్టి చెయ్యలేం. కొమ్ము గొట్టం ఒక వేలి వెడల్పు బయటికి లాగితే చాలు, శ్రుతి దిగుతాది." నాయిన సంచి మూతి బిగించాడు. "మా తాత ఊదిన కాడ నేను ఊదతా. గొట్టం మీద ఎవురూ చెయ్యి పెట్టొద్దు." పెట్టినా వచ్చేది కాదు. ముత్తాత కాలం నుంచి కదపని ఆ గొట్టం బిగుసుకుపోయి ఉంది. ఆయన బస్సెక్కిన రోజే ఇంట్లో కొబ్బరినూనె సీసా మాయమైంది. అమ్మ మా అమ్మాయి మీద అనుమానపడి పది రోజులు సాధించింది.

ఇక పోయిన ఆదివారానికి వస్తే, టీవీలో ఆ వేదిక వెలిగింది. నాయిన నీలం కోటుకు ఒక్క బొత్తామూ పట్టలేదు. మామ మీసం అనుమానం వచ్చేంత నల్లగా ఉంది. మొదట విడివిడిగా వాయించారు. గుమ్మం దగ్గర ఏదో కదిలింది, చూస్తే అమ్మ. "ఉప్పు సరిపోయినాదా చూడు," అని గరిటె చాపింది, కళ్ళు మాత్రం టీవీ మీదే ఉన్నాయి. అంతలో వ్యాఖ్యాత "ఇప్పుడు ఇరువురూ కలిసి" అన్నాడు. అమ్మ వెనక్కి తిరిగింది. మా ఆయన ముందు జాగ్రత్తగా చెవుల దగ్గరికి చేతులు తీసుకుపోయాడు. నాయిన కొమ్మెత్తాడు. కెమెరా దగ్గరగా పోయింది.

"ఆపు! ఆపు పాపా!" గుమ్మంలోంచి తల తిప్పి చూసిన అమ్మ అరిచింది. మా అమ్మాయి ఆపింది. "కొమ్ము మీద పచ్చగా ఏందది?"

పాత వెండి పూత నడుమ, బయటికి లాగిన గొట్టం మీద, ఒక వేలి వెడల్పు పసుపుపచ్చని ఇత్తడి. నిన్న అంగట్లోంచి తెచ్చినట్టు మెరుస్తోంది. ముత్తాత చూడని, తాత చూడని, ఎవరూ ఎండకు చూపని ముక్క. వేదిక మీద నాయిన కుర్చీ కాలి దగ్గర కొబ్బరినూనె సీసా.

"నా నూనె!" అంది అమ్మ. "నేను గాదని చెప్పలేదా అవ్వా!" అంది మా అమ్మాయి. బొమ్మ కదిలింది. ఎర్రకోట్లూ నీలం కోట్లూ కలిసి ఎత్తుకున్నారు. అదే మంగళం, నా పెళ్ళిలో విరిగినదే. ఈసారి కొమ్ము ముందు నడిచింది, క్లారినెట్టు దాని భుజం మీద చెయ్యి వేసినట్టు పక్కనే నడిచింది. ఏది ఎవరిదో తెలియలేదు. డోలు మా గాజు అల్మారాలో గిన్నెలను కదిలించింది. అమ్మ గరిటెతో గుమ్మం చెక్క మీద తాళం వేస్తోంది, సాంబారు చుక్కలు గోడంతా. పెదవులు కదులుతున్నాయి. చాలా ఏళ్ళకు, సన్నగా, కాస్త వణుకుతూ, కూనిరాగం. మా ఆయన చేతులు దించి నా వైపు తిరిగి, "ఇప్పుడు గదా మూడో ముడి పడినాది," అన్నాడు.

పాట అయిపోయాక అమ్మ వాలుకుర్చీ ముందు నిలబడింది. "నిద్రపోతుండావా?"

"ఊఁ."

"నిద్రపోయేవాడు ఊఁ అంటాడా? గొట్టం ఎట్లా వచ్చినాది?"

నాయిన ఒక కన్ను తెరిచాడు. "వేదిక వెనక ఒక కొస నేను పట్టినా, ఒక కొస నీ తమ్ముడు పట్టినాడు. లాగి లాగి... ఒకే తూరి ఊడొచ్చినాది. వాడు పోయి డోలులో పడినాడు. నవ్వి నవ్వి ఊదను ఊపిరి లేదు." అంతలో గౌరవం గుర్తొచ్చినట్టు, "అయినా దిగింది నేను గాదు, గొట్టం," అని మళ్ళీ కన్ను మూసుకున్నాడు.

అమ్మ అప్పటికే ఫోనులో ఉంది. "ఏరా, డోలులో పడినావంటనే? నడుము పట్టుకున్నాదా? ఊరికే చెప్పు, నేను నవ్వను." చెప్పాడు కాబోలు, నవ్వింది. ఫోను పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, నేల మీద సరిగ్గా టీవీ ముందు కూర్చుంది. "మళ్ళీ మొదటి నుంచి పెట్టు పాపా," అంది. ఆ రోజు మేము చల్లారిన సాంబారే తిన్నాం. కాలం వెనక్కి తిరగదని నేను చదివిన పుస్తకాలన్నీ చెప్పాయి. మా ఇంట్లో మాత్రం ఆ ఆదివారం మూడుసార్లు తిరిగింది.