జిల్లేడుకి గ్రీకు పేరు

ఈ ఉదయం రుషికొండ దారిలో ఒక అమ్మాయి జిల్లేడు పొదకి ఫోన్ చూపించి, తెర మీద వచ్చిన పేరు కూడబలుక్కుంటోంది: కెలోట్రోపిస్ జైగాంటియా. నేను ఆగి, ఆ పాలు విషమని, కంట్లో పడనివ్వొద్దని చెప్పి, ఉచ్చారణ కూడా సరిదిద్దాను. బతుకంతా బోటనీ చెప్పిన నోరు ఊరుకోదు. అందులోనూ ఈ పేరు మీద నాకు హక్కుంది.

డెబ్భైల్లో డిగ్రీ చదవడానికి తగరపువలస దగ్గర మా ఊరి నుంచి విశాఖలో మేనత్త ఇంటికి వచ్చాను. మావయ్యకి రేవులో టగ్గు మీద పని. పెద్ద ఓడల్ని లోపలికి లాక్కొచ్చే పొట్టి పడవ అది. సాయంత్రం అత్త డాబా ఎక్కి, నా కంటికి అన్నీ ఒకేలా ఉండే టగ్గుల్లో మావయ్యది ఏదో చెప్పేది. అది చూశాకే దిగొచ్చి ఎసరు పెట్టేది. నేనేమో పెరట్లో ప్రతి మొక్కకీ లాటిన్ పేర్లు, గ్రీకు అర్థాలు అప్పజెబుతూ తిరిగేదాన్ని. కరివేపాకు రెబ్బ అడిగినా పేరు చెప్పిగానీ ఇచ్చేదాన్ని కాదు. అత్త ఓపికకి దండం పెట్టాలి.

రథసప్తమినాడు తలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేయాలి కదా. ముందురోజు కోసినవి అత్తకి పనికిరావు. తెల్లారుతూనే పాలు కారుతున్న ఆకులు కోసి, ఆ చేతులతోనే సూర్యుడికి దండం పెట్టి, కళ్లకి అద్దుకుంది. కడుక్కోమని నేను వెంటపడితే, "మంట నేదు, ఏటీ నేదు. నీ సదువంతా నా కళ్ల మీదే సూపిత్తావేటే?" అంది. మంట లేకపోవడమే ఆ పాల మోసమని చదివాను. పట్టుబట్టి బిందెడు నీళ్లతో కడిగాను. అయినా మధ్యాహ్నానికి ఎదురింటి గోడ మంచులో ఉన్నట్టుందని మెల్లగా చెప్పింది. పక్కింటావిడ ఆముదం చుక్క వేస్తానంటే అడ్డుపడి, రిక్షా ఎక్కించాను. దారంతా అత్త నా చెయ్యి వదల్లేదు. నాకూ భయంగానే ఉంది. ఏం పడిందని డాక్టరుగారు అడిగితే, వైవాలో కూడా పలకనంత గట్టిగా ఆ పేరు చెప్పాను. వెంటనే కడగడం మంచిదైందని, ఆయన మందువేసి రెండు కళ్లకీ కట్టు కట్టారు.

ఇంటికొచ్చాక అత్త ఆ పేరుకి అర్థం అడిగింది. గ్రీకులో కలోస్ అంటే అందం, ట్రోపిస్ అంటే పడవ అడుగుదూలం, పువ్వులో వంపు చూసి అలా పెట్టారు, లాటిన్లో జైగాంటియా అంటే భారీది అన్నాను. అత్త కళ్ల కట్టు తడుముకుని, "పడవ పేరెట్టుకుని, నన్ను పడవ సూడనీదేటే?" అంది. నవ్వబోయి ఇద్దరం ఏడ్చాం.

కట్టు విప్పిన సాయంత్రం చెయ్యి పట్టుకుని డాబా ఎక్కించాను. అత్త రేవు వైపు చాలాసేపు చూసి, "అదిగో, ఎనకాతల వత్తన్నాదే, అదీ మీ మావయ్యది," అని ఎసరు పెట్టడానికి దిగిపోయింది. ఆ డాబా లేదు, టగ్గు లేదు, వాళ్లిద్దరూ లేరు. ఎన్నేళ్లయినా ఆ పేరు పలికితే చాలు, ఆ సాయంత్రం మళ్లీ రేవులోకి వస్తుంది.